చెప్పి వెళ్ళే రేడియో

మా మామ్మకి రెండు విషయాల్లో పట్టింపు జాస్తి. ఒకటి మడి. రెండోది, ఇంటికొచ్చిన మనిషి చెప్పకుండా వెళ్ళకూడదు. చెప్పడం కూడా "వెళ్తాను" అని కాదు, "వెళ్ళొస్తాను" అనాలి. పాలవాడైనా, పేరంటాలైనా, ఆఖరికి వేలువిడిచిన మేనమామ కొడుకైనా ఈ నియమానికి కట్టుబడాల్సిందే. 1966లో మా ఇంటికి రేడియో వచ్చాక ఆవిడ దాన్నీ ఈ నియమం కిందికి తెచ్చేసింది.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులు. ఏడాదిపాటు చీటీ కట్టి, పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని మరీ రేడియో తెచ్చారు. పెద్ద చెక్కపెట్టె, లోపల వాల్వులు. స్విచ్చి వేసిన నిమిషానికి గానీ గొంతు పెగిలేది కాదు. ముఖాన ఒక పచ్చకన్ను. స్టేషను సరిగ్గా తగిలితే ఆ కన్ను దగ్గరికి మూసుకునేది. విజయవాడ తగిలే చోట నాన్న అద్దం మీద ఎర్రసిరాతో చుక్క పెట్టారు. ఆ చుక్క దాటించే అధికారం ఇంట్లో ఇంకెవరికీ లేదు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు, 1938 నుంచీ, మనవాళ్ళకి తెలుగు మాట మద్రాసు కేంద్రం నుంచే వచ్చేది. నిజాం ఇలాకాలో దక్కన్ రేడియో ఉండేది. ఇవన్నీ నాన్న చెప్పేవారు. మామ్మకి మాత్రం రేడియో అంటే విజయవాడే. "మన బెజవాడ వాళ్ళు" అనేది, పొరుగూరి వియ్యంకుల గురించి మాట్లాడినట్టు.

ఆ రోజుల్లో రేడియో మనలాగే పొద్దున్నే లేచి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, రాత్రికి పడుకునేది. పొద్దున్న తంబురా శ్రుతి మీద వయొలిన్ తీగె సాగినట్టు వచ్చే ఆ నాదం మీకు గుర్తుండే ఉంటుంది. మామ్మ దృష్టిలో అది వీధి తలుపు తట్టడం. అది వినపడితే చాలు, "వచ్చారర్రా" అనేది, వాకిట్లో కళ్ళాపి జల్లుతూనే.

రాత్రి పదకొండు దాటాక అనౌన్సరు సెలవు తీసుకునేవాడు. ఇంతటితో ఈనాటి ప్రసారాలు ముగిశాయనీ, మళ్ళీ రేపు పొద్దున్న ఫలానా గంటకి కలుస్తామనీ తీరిగ్గా చెప్పేవాడు. పల్లెటూళ్ళో పదకొండంటే అర్ధరాత్రి కిందే లెక్క. నాన్నకి కళ్ళు మూతలు పడేవి. ఆపేద్దామని లేస్తే మామ్మ ఊరుకునేది కాదు.

"ఆగరా! ఇంటికొచ్చిన మనిషి సెలవు పుచ్చుకోకుండానే తలుపేస్తావా?"

"అమ్మా, అతను మనింటికి రాలేదే. బెజవాడలో కూచుని మాట్లాడుతున్నాడు."

"ఎక్కడ కూచుంటేనేం? మాట మనింట్లోకి వచ్చిందా లేదా?"

ఈ ప్రశ్నకి బి.ఎ., బి.ఇడి. చదివిన నాన్న దగ్గర జవాబు లేకపోయింది. అనౌన్సరు నమస్కారం చెప్పగానే మామ్మ మంచం మీంచే, "మంచిది నాయనా, వెళ్ళి రండి" అనేది. ఆడగొంతయితే "వెళ్ళి రా తల్లీ, చీకట్లో జాగ్రత్త" అని కూడా చేర్చేది. అంతలో పెట్టెలోంచి సన్నగా బుస్సుమనే చప్పుడు. అంతసేపూ మూసుకున్న పచ్చకన్ను స్టేషను ఆగగానే విచ్చుకునేది. "వాళ్ళు పడుకుంటే ఇది మేలుకుందేవిట్రా!" అని మామ్మ రోజూ ఆశ్చర్యపోయేది. తరంగం ఆగిపోతే కన్ను తెరుచుకుంటుందని నాన్న రోజూ చెప్పేవారు. మర్నాడు మళ్ళీ ఆశ్చర్యం మామూలే.

1982లో హైదరాబాదులో బాబాయి ఇంట్లో మామ్మ మొదటిసారి టీవీ చూసింది. అక్కడ దూరదర్శన్ 1977 అక్టోబరులోనే వచ్చింది. నలుపూ తెలుపూ పెట్టె, సాయంత్రం కొద్ది గంటలే ప్రసారం. ఆఖర్న అనౌన్సరమ్మాయి చేతులు జోడించగానే మామ్మ గబుక్కున లేచి, పైట సర్దుకుని, ప్రతినమస్కారం చేసింది. పిల్లలంతా గొల్లుమన్నారు. తెర నిండా చీమలు పారుతుంటే మామ్మ వాళ్ళకేసి చూసి, "నవ్వకండర్రా. ఆ పిల్ల చెప్పి వెళ్ళింది. మీలో ఎవరు చెప్పి వెళ్తున్నారు?" అంది.

ఆ మాట నన్ను కాదనుకున్నాను.

1984లో నాకు నాగపూరులో ఉద్యోగమొచ్చింది. బయల్దేరిన రోజున బస్సు పది నిమిషాలు ముందే వచ్చి, రావిచెట్టు కింద హారను మోగిస్తోంది. మామ్మ పెరట్లో నూతి దగ్గర మడిబట్ట ఆరేస్తోంది. పెరడంటే ఎంత దూరం? పాతిక అడుగులు. అమ్మకీ నాన్నకీ దణ్ణం పెట్టి, "మామ్మకి నువ్వు చెప్పమ్మా" అని ట్రంకుపెట్టె ఎత్తుకుని పరిగెత్తాను. దసరాకి వస్తాను కదా అనుకున్నాను.

దసరా కంటే ముందే టెలిగ్రాం వచ్చింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పదో రోజు దాటాక, నేను అడగ్గా అడగ్గా అమ్మ చెప్పింది. ఆ వేళ మామ్మ తడిచేతులతో వీధిగుమ్మం దాకా వచ్చి, బస్సు వెళ్ళిన దుమ్ముకేసి చూసిందట. "పోనీలే అత్తయ్యగారూ, తొందర్లో ఉన్నాడు" అని అమ్మ సర్దబోయిందట. "తొందరేలే. రేడియో అయితే చెప్పి వెళ్ళును" అందట. అంతే. ఆ రాత్రి మామూలుగానే పదకొండింటి దాకా కూచుని, బెజవాడ వాళ్ళని సాగనంపే పడుకుందట.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి చదివాను. ఆ పొద్దుటి నాదాన్ని కట్టినది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతజ్ఞుడట. పుట్టింది ఇప్పటి చెక్ దేశంలో. నాజీల కాలంలో, 1934లో, యూరపు వదిలి బొంబాయి చేరి, అక్కడి రేడియోలో సంగీత విభాగం చూశాడట. అంత హడావుడిగా దేశం విడిచినవాడు ఎంతమందికి చెప్పి రాగలిగాడో! అలాంటివాడు కట్టిన నాదమే ఇన్ని కోట్ల ఇళ్ళ తలుపులు ఇంత మర్యాదగా తట్టింది.

ఇప్పుడు ఏ చానలూ పడుకోదు. అర్ధరాత్రి రెండింటికి పెట్టినా ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. సెలవు తీసుకునే పని వాళ్ళకి లేదు. డల్లాసు నుంచి అమ్మాయి వీడియోలో మాట్లాడుతుంది. "సరే నాన్నా, బై" అన్న మాట పూర్తయ్యేలోపే తెర నల్లబడుతుంది. దాన్నేమంటాను? పాతిక అడుగులు నడవనివాణ్ణి నేను.

రాత్రిళ్ళు టీవీ ఆపేది నేనే. వార్తలు చదివే కుర్రాడు నోరు తెరిచి ఉండగానే, మాట మధ్యలో, నొక్కేస్తాను. ఆ క్షణాన ఎవరినో మెడపట్టి గెంటినట్టుంటుంది. అందుకని ఈ మధ్య నొక్కేముందు, "మంచిది నాయనా, వెళ్ళి రా" అంటున్నాను.

మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి. ఇటునుంచైనా ఎవరో ఒకరు చెప్పాలి కదండీ!