వెబీలో మూడు రాత్రులు

పెండ్లి అయిన కొత్తలో దంపతులు ఎక్కడికైనా వెళ్ళి రావడం ఇప్పుడు మన పల్లెల్లో కూడా అలవాటయింది. ఊటీ అనీ, అరకు అనీ వెళ్తారు. మేము 2018 జనవరిలో అండమాను దీవులకు వెళ్ళాము. మాలో ఒకరిది గోదావరి జిల్లా, మరొకరిది ప్రకాశం జిల్లా. పెద్దలు కుదిర్చిన సంబంధము. పెండ్లికి ముందు మేము మాట్లాడుకున్నది రెండే సార్లు. కాబట్టి ఆ ప్రయాణంలో సముద్రము, దీవి, పక్కన కూర్చున్న మనిషి, అన్నీ మాకు కొత్తే.

మన తీరానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతంలో ఉన్నాయి ఆ దీవులు. విశాఖపట్నం నుండి ఓడలో వెళ్ళాము. మేము దిగిన పట్టణాన్ని అప్పుడు పోర్ట్ బ్లెయిర్ అనేవారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రేవులో దిగీ దిగగానే తెలుగు వినబడింది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుండి చేపల వేటకూ, కూలి పనికీ వెళ్ళి అక్కడే స్థిరపడినవారు చాలామంది. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవులవారిలో నూటికి సుమారు 13 మంది తెలుగువారే. సెల్యులార్ జైలు చూశాము. గాజులాంటి నీళ్ళు, తెల్లని ఇసుక చూశాము. అవన్నీ చాలామంది చూసేవే. మేము చెప్పదలచినది ఉత్తరాన ఉన్న ఒక చిన్న గ్రామము గురించి.

పోర్ట్ బ్లెయిర్ నుండి మాయాబందర్‌కు బస్సులో తెల్లవారుజామునే బయలుదేరాము. ఆ దారి జారవా అనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ అనే చోట బండ్లన్నిటినీ ఆపి, వరుసగా కట్టి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, వారికి తినడానికి ఏమీ ఇవ్వకూడదు. అది వారి ఇల్లు. బయటివారి జబ్బులు, అలవాట్లు వారికి అంటకూడదని ఆ కట్టుబాటు. అడవి దాటాక సముద్రపు పాయ వస్తే బస్సును బల్లకట్టు మీదికి ఎక్కించారు.

బస్సులో మా ముందు సీట్లో ఒక ముసలాయన, ఆయన కుమార్తె కూర్చున్నారు. ఆయనకు పట్టణంలో వైద్యం చేయించి ఇంటికి తీసుకువెళ్తోంది. చూపులకు బర్మావారిలా ఉన్నారు, మాట్లాడేది హిందీ. మా వచ్చీరాని హిందీకి ఆమె నవ్వి, అరటిపండ్లు ఇచ్చింది. సాయంత్రం మాయాబందర్‌లో దిగేసరికి, మేము నమ్ముకున్న బసలో గదులు లేవన్నారు. చీకటి పడుతోంది. ఆమె తండ్రితో ఏదో మాట్లాడి, మా పెట్టె తానే ఎత్తుకొని, "పదండి, మా ఊరు దగ్గరే" అన్నది.

ఆ ఊరి పేరు వెబీ. వారి భాషలో మరుగున ఉన్న ఊరు అని అర్థము. అక్కడివారు కరెన్ జనులు. అడవి పనికి మనుషులు కావలసి వచ్చి ఆంగ్లేయ ప్రభుత్వము 1925లో బర్మా నుండి వారిని రప్పించింది. అడవిని నరికి, పొలము చేసుకొని, అక్కడే ఉండిపోయారు. 2025తో వారు వచ్చి నూరేళ్ళయింది.

పాఠకులారా, ఆ రాత్రి దీపము దగ్గర ముసలాయన తన భాషలోని బైబిలు తెరిచినప్పుడు మాకు ఆశ్చర్యము వేసింది. ఆ గుండ్రని అక్షరాలు మన తెలుగు అక్షరాల చుట్టాలలాగే ఉన్నాయి. వారూ బాప్తిస్టులే. జడ్సన్ దొరగారు రంగూనులో దిగినది 1813లో. కరెన్ జనులలో మొదటి విశ్వాసియైన కో థా బ్యూ బాప్తిస్మము పొందినది 1828లో. అదే అమెరికన్ బాప్తిస్టు మిషను తరఫున శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరారు. మా ఇద్దరిలో ఒకరి ముత్తాతలకు సువార్త అందినది ఆ దారినే. ఆ మాట చెబితే ముసలాయన మా చేతులు పట్టుకొని, "అయితే ఒక చెట్టు కొమ్మలమే" అన్నాడు.

ఒక రాత్రి అనుకున్నది మూడు రాత్రులయింది. ఇల్లు చెక్కలతో, స్తంభాల మీద కట్టినది. ఉన్న ఒక్క మంచము మాకు ఇచ్చి, వారు చాపల మీద పడుకున్నారు. వద్దన్నా వినలేదు. వైద్యానికి అంత ఖర్చు చేసి వచ్చినవారు, మరునాడు మా కోసము కోడిని కోశారు. వెదురు మొలకల కూర, చేపల పులుసు, ఉప్పులో పులియబెట్టిన చేపల ముద్ద వడ్డించారు. ఆ ముద్ద మాలో ఒకరికి గోంగూర పచ్చడంత రుచించింది, మరొకరికి నోటపెట్టడమే కష్టమయింది. మేము మొదటిసారి ఒకరినొకరు చూసి పగలబడి నవ్వుకున్నది అప్పుడే.

ఆ ముసలి దంపతులను చూస్తూ మేము చాలా నేర్చుకున్నాము. ఆయన నీరసంగా ఉన్నా పొయ్యి దగ్గర కూర్చొని బియ్యం ఏరేవాడు. ఆమె ఆయనకు మందు ఇచ్చి, మింగేదాకా కదిలేది కాదు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు పని ఆపి వినేవారు. ప్రార్థనలో ఒకరి పేరు ఒకరు చెప్పేవారు. రెండవ నాడు మాలో ఆయన లేచి నీళ్ళు తెచ్చాడు. ఆమె గిన్నెలు తోమితే ఆయన కడిగాడు. మా ఇండ్లలో మగవారు చేయని పనులవి. ఆ గిన్నెల దగ్గరే మా మాటలు సాగాయి. పుట్టింటి అప్పులు, చదువు ఆగిపోయిన బాధ, పిల్లల గురించి మా ఆశలు, అన్నీ అక్కడే చెప్పుకున్నాము.

ఆదివారము ఆలయానికి వెళ్ళాము. పాటలు వారి భాషలో, రాగాలు మాకు తెలిసినవి. మేము తెలుగులో గొంతు కలిపాము. ఎవరూ వెనుతిరిగి చూడలేదు, పక్కకు జరిగి చోటు ఇచ్చారు.

బయలుదేరేటప్పుడు కొంత డబ్బు ఇవ్వబోయాము. ముసలామె మా చేతిని మూసివేసింది. "మా అమ్మ చిన్నపిల్లగా ఓడ దిగినప్పుడు ఇక్కడ ఇల్లు లేదు, అడవే. తలదాచుకోను చోటు లేకపోతే ఎలా ఉంటుందో మేము విని పెరిగాము. డబ్బు తీసుకుంటే మీరు బసకు వచ్చినవారవుతారు. మాకు బిడ్డలుగా పోండి" అన్నది. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయాము. తీసుకోవడానికి కూడా వినయము కావాలని ఆ రోజు తెలిసింది.

ముసలాయన 2021లో ప్రభువునందు నిద్రించారు. కుమార్తె ఫోనులో చెప్పినప్పుడు మా సొంత తాతగారు పోయినట్లే ఏడ్చాము. ప్రతి క్రిస్మసుకు ఇప్పటికీ మాట్లాడుకుంటాము.

మన ఊళ్ళకూ పరాయివారు వస్తారు. ఒడిశా నుండి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబము, బస్సు తప్పిపోయిన బాటసారి, భాష రాని కూలి. మన ఇండ్లలో రెండవ మంచము లేకపోవచ్చు, చాప ఉంటుంది. కొత్తగా కాపురము పెట్టే బిడ్డలకు సామాను కొనేటప్పుడు, అతిథి కోసము ఒక పళ్ళెము, ఒక దుప్పటి అదనంగా కొనిపెట్టండి. మా ఇంట అవి ఉన్నాయి. ఖాళీగా ఉన్న రోజులు తక్కువే.