ఫోటోలే కదా, మేడమ్!

2014 వేసవిలో మా వీధి చివర ఉన్న కంప్యూటర్ రిపేరు షాపులో ఈ మాట విన్నాను. రెండు రోజుల ముందు, ఆన్ చెయ్యగానే నీలం తెర వచ్చి ఆగిపోతోందని సీపీయూ తీసుకెళ్లి అక్కడ ఇచ్చాను. తిరిగి తెచ్చుకోడానికి వెళ్లేసరికి యంత్రం చక్కగా పనిచేస్తోంది. కొత్తగా విండోస్ ఎక్కించాడు. తెర శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది.

"ఇందులో నా ఫోల్డర్లు ఉండాలే?"

"డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టాను మేడమ్. ముఖ్యమైనవేమైనా ఉంటే సార్ చెప్పేవారు కదా!"

సార్ అంటే మా తమ్ముడు. బరువుగా ఉంటుందని సీపీయూ మోసుకొచ్చి బల్ల మీద పెట్టడం తప్ప వాడు చేసిందేమీ లేదు. రసీదు మీద ఉన్నది నా పేరు, నా ఫోను నంబరు. అతను మాట్లాడింది మాత్రం వాడితో. నా ముఖం చూసి కాస్త కంగారుపడి అడిగాడు, "ఏమున్నాయి మేడమ్ అందులో?" ఫోటోలన్నాను. అప్పుడతనికి ప్రాణం లేచొచ్చింది. "ఫోటోలే కదా, మేడమ్! మళ్లీ తీసుకోవచ్చు."

చాలా ఏళ్లు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అతని మీద కోపం వచ్చేది. ఇప్పుడూ వస్తుంది. అయితే ఆ కోపం అంచున ఇంకో విషయం ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పుడు పిహెచ్‌డి మొదటి అధ్యాయం రాస్తున్నాను. ఆ అధ్యాయానికి ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో ఉంది, ఇంకొకటి మెయిల్‌లో ఉంది, ప్రింటు తీసి గైడ్‌కిచ్చింది మరొకటి. ఫోటోలకి ఒక్క కాపీ కూడా లేదు. థీసిస్ పని, ఫోటోలు సరదా. అంటే "ఫోటోలే కదా" అని అతనికన్నా ముందే నేను అనుకున్నాను. పైకి అనలేదంతే.

ఆ డిస్క్‌లో ఉన్నది మా అమ్మమ్మ చివరి ఏడాది. 2013లో, ఆవిడ పోవడానికి ముందు, సెలవు దొరికినప్పుడల్లా తెనాలి వెళ్లి తీసిన 312 ఫోటోలు. అంతకు ముందు అమ్మమ్మకి విడిగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. మావయ్య పెళ్లి ఆల్బమ్‌లో ఒకచోట ఆవిడ భుజం, సగం చెంప కనిపిస్తాయి. కెమెరా ఎప్పుడూ మగవాళ్ల మెళ్లో వేలాడేది. అందరూ రండి, నిలబడండి అని పిలిచే సమయానికి ఆవిడ పొయ్యి దగ్గర ఉండేది. నేను మొదటిసారి కెమెరా ఎత్తినప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, పళ్లు లేవని. నాలుగోసారో ఐదోసారో వెళ్లేసరికి నన్ను పట్టించుకోవడం మానేసింది. అరుగు మీద కూచుని సన్నజాజులు కట్టుకుంటూ ఎవరినో తిట్టుకుంటూ ఉండేది. ఫోటోగ్రఫీలో నాకు దొరికిన మొదటి ఆనందం అదే, ఎదుటి మనిషి మనల్ని మర్చిపోవడం.

మా హాస్టల్లో కంప్యూటర్ సైన్స్ చదివే ఒక జూనియర్ అమ్మాయి ఉండేది. ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, దాన్ని మళ్లీ ఆన్ చేశారా?" ఇంకా చెయ్యలేదన్నాను. "చెయ్యకండి" అంది. మామూలుగా చేసే ఫార్మాట్‌లో ఉన్నదంతా చెరిగిపోదట. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది. పేజీలు అక్కడే ఉంటాయి, వాటి మీద ఇంకేదైనా రాసేదాకా. అతను విండోస్ ఎక్కించాడు కాబట్టి కొన్ని పేజీల మీద రాత పడిపోయింది. డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్లను వెతికి తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి రాత్రంతా నడిపాం. (అప్పటివి తిరిగే డిస్కులు కాబట్టి అలా కుదిరింది. ఇప్పుడొస్తున్న ఎస్ఎస్‌డీల్లో తీసేసిన ఫైళ్ల చోటుని యంత్రమే వెంటనే ఖాళీ చేసేస్తుంది, చాలాసార్లు అంత ఆశ కూడా ఉండదు.) తెల్లవారేసరికి 41 ఫోటోలు పూర్తిగా వచ్చాయి. మరికొన్ని సగం సగం వచ్చాయి. పైనుంచి కొంతమేర ఫోటో, అక్కడి నుంచి కింది దాకా బూడిదరంగు పలక. వాటిలో ఒకదాన్లో అమ్మమ్మ తల వంచుకుని చాలా శ్రద్ధగా కిందికి చూస్తోంది. దేన్ని చూస్తోందో ఆ చేతులూ పూలూ బూడిదరంగులో ఉండిపోయాయి.

ఆ తర్వాత నా కంప్యూటర్‌ని ఎవరికీ ఇవ్వలేదు.

ఇదేదో వీరోచితంగా చేసిన ప్రతిజ్ఞ కాదు. భయం. మొదటిసారి సీపీయూ పక్క రేకు విప్పినప్పుడు నా చెయ్యి వణికింది. కుట్టుమిషను పూర్తిగా విప్పి నూనె వేసి మళ్లీ బిగించే అమ్మకి కూతుర్ని నేను. గ్రైండర్ రాయి ఎత్తి కింద చిక్కుకున్న పిండి తీసే వాళ్లం మనం. వాటినెవరూ యంత్రాలనరు. నాలుగు స్క్రూలున్న ఈ పెట్టె మాత్రం "టెక్నికల్". విప్పి చూస్తే లోపల ఉన్నది ముఖ్యంగా దుమ్ము. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల మధ్య దూదిలా పేరుకుపోయింది. వేడి బయటికి పోయే దారి లేకపోతే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. పెద్ద ఫోటో తెరిస్తే మధ్యాహ్నం పూట యంత్రం నత్తలా నడవడానికి కారణం అది. షాపులో చెప్పిన వైరస్ కాదు. కరెంటు ప్లగ్గు తీసేసి, ఒంట్లో ఉన్న విద్యుత్తు పోయేలా రేకుని ఒకసారి ముట్టుకుని, ఫ్యాన్ తిరక్కుండా వేలితో ఆపి, లెన్స్ దుమ్ము ఊదుకునే రబ్బరు బుడ్డీతోనే ఊదాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేశాను. అంతే. మర్నాడు ఫ్యాను హోరు సగానికి సగం తగ్గింది.

ప్రస్తుతం వాడుతున్నది 2016లో విడిభాగాలు కొనుక్కుని కట్టుకున్నది. దానికి కావలసినవి నా ఫోటోలే నేర్పాయి. నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. రా ఫైలుగా తీస్తే ఒక్కో ఫోటో పాతిక నుంచి ముప్పై ఎంబీ ఉంటుంది. ఒక ఉదయం తిరిగొస్తే రెండొందల ఫోటోలు, అంటే ఐదారు జీబీ. పొరలు పొరలుగా ఎడిట్ చేస్తుంటే 8 జీబీ ర్యామ్ నిండిపోయి, మిగతాది డిస్క్ మీదికి పొర్లుతుంది. అప్పుడిక ప్రతి మౌస్ కదలికకీ ఎదురుచూపే. ర్యామ్ 16కి పెంచాను. అంతకన్నా పెద్ద మార్పు ఎస్ఎస్‌డీతో వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమూ, ఫోటోల కేటలాగూ, ప్రస్తుతం పనిచేస్తున్న ఫోటోలూ దాని మీద, పని అయిపోయినవి తిరిగే పాత డిస్క్ మీద. ఎస్ఎస్‌డీని ఎప్పుడూ మెడదాకా నింపను, ఐదో వంతు ఖాళీ వదులుతాను. కరెంటు పోతే రాస్తున్న ఫైలు దెబ్బతినకుండా ఒక యూపీఎస్. వీటిలో ఏదీ గొప్ప విద్య కాదు. బియ్యం డబ్బాలో వేపాకు వెయ్యడం లాంటిది.

ఈ పనిని ఫోటోగ్రఫీకి బయటి విషయంగా చూసేవాళ్లుంటారు. నాకలా అనిపించదు. జూలియా మార్గరెట్ కామెరాన్ కలకత్తాలో 1815లో పుట్టింది. 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇస్తే ఫోటోలు మొదలుపెట్టింది. ఇంట్లో బొగ్గుల గది ఆవిడ డార్క్‌రూమ్ అయింది. అద్దాలున్న కోళ్ల షెడ్డు స్టూడియో అయింది. గాజు పలకల మీద మందు తానే పూసుకునేది. పలకల మీద మరకలున్నాయని, బొమ్మలు మసకగా ఉన్నాయని నాటి ఫోటోగ్రఫీ పెద్దలు వెక్కిరించారు. ఆ మరకలున్న ఫోటోలే ఇవాళ మ్యూజియముల్లో ఉన్నాయి. మన హైదరాబాదులోనే 1892లో రాజా దీన్‌దయాళ్ పరదా స్త్రీల కోసం ఒక జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ స్త్రీ. చరిత్రలో ఆవిడ భర్త ఇంటిపేరుతోనే మిగిలింది, సొంత పేరు నాకెక్కడా కనబడలేదు. హోమాయ్ వ్యారావాలా సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1913లో పుట్టిన ఆమె మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. తొలి రోజుల్లో ఆమె తీసిన ఫోటోలు భర్త మానెక్‌షా పేరు మీద అచ్చయ్యేవి. 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, చనిపోవడానికి ఏడాది ముందు.

బొగ్గుల గదిని డార్క్‌రూమ్ చేసుకోవడానికీ, బెడ్రూమ్ మూల బల్లకింద సీపీయూ పెట్టుకోవడానికీ పెద్ద తేడా కనబడదు నాకు. ఫోటో ఎప్పుడూ కెమెరాలో పూర్తవదు. ఆ రెండో సగం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఎందుకు కాదో అమ్మ ఫోటో దగ్గర తెలిసింది. అమ్మది నల్లటి రంగు. ఆవిడ పెళ్లిచూపుల ఫోటో ఊళ్లో స్టూడియోలో తీయించారు. స్టూడియో అతను ముఖాన్ని ఎంత తెల్లగా చేశాడంటే, నాన్న వాళ్లు వచ్చి చూసి "ఫోటోలో అమ్మాయేదీ?" అన్నారట. ఇంట్లో అది ఒక జోకు. ముప్పై ఏళ్లపాటు అందరూ నవ్వారు, అమ్మతో సహా. కోడక్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రంగులు సరిచూసుకోడానికి లేబ్‌లకి పంపిన కార్డుల మీద ఒక తెల్ల స్త్రీ బొమ్మ ఉండేది, వాటిని షర్లీ కార్డులనేవాళ్లు. చాలాకాలం ప్రపంచంలో చర్మం రంగుకి కొలబద్ద ఆ షర్లీయే. లోర్నా రోత్ 2009లో దీని మీద రాసిన వ్యాసం చదివినప్పుడు నాకు మా ఊరి స్టూడియో గుర్తొచ్చింది.

అమ్మని కిటికీ పక్కన, పొద్దుటి ఎండలో కూచోబెట్టి తీశాను. కెమెరా తనంతట తాను తయారుచేసిన జేపెగ్‌లో ఆవిడ బుగ్గలు పాలిపోయి ఉన్నాయి. నల్లటి ముఖం చూసి వెలుతురు చాలలేదనుకుని యంత్రం పెంచేసింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లుంటాయి. నా కెమెరా రా ఫైల్లో 16,384. ఆ మెట్లన్నీ చీకటి వైపు ఎంత ఉపయోగమో అమ్మ ముఖం మీదే చూశాను. వెలుతురు కిందికి దించుతూ పోతే ఎక్కడో ఒకచోట నల్లటి చర్మం మీద రాగి మెరుపు వచ్చింది, కణత దగ్గర కొంచెం నీలం. సంతోషంతో ప్రింటు తీయిస్తే ఇటుకరంగులో వచ్చింది! తప్పు నా మానిటర్‌ది. కొన్నప్పటి నుంచీ నీలం ఎక్కువ చూపిస్తూ ఉంటే, దాన్ని నమ్మి ఎరుపు కలుపుతూ పోయాను. రంగులు కొలిచి సరిచేసే చిన్న పరికరం ఒకటి స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చి మానిటర్ని సరిచేశాక, రెండో ప్రింటులో అమ్మ అమ్మలా వచ్చింది. చూసి, "ఇంత నల్లగా ఉంటానా?" అంది. కాసేపు చేతిలో పట్టుకుని మళ్లీ అంది, "ఉంటాన్లే." ఆ ప్రింటు బీరువా తలుపు లోపలివైపు అతికించుకుంది. బయటివైపు ఎందుకు కాదని అడగలేదు నేను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. నా 2016 నాటి ప్రాసెసర్ విండోస్ 11కి పనికిరాదట. బంధువుల్లో ఒకాయన "పారేసి కొత్తది కొనుక్కోమ్మా" అన్నాడు. నిక్షేపంలా పనిచేసే యంత్రాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. రెండు ఆదివారాలు కూచుని లినక్స్ ఎక్కించాను. రా ఫైళ్లకి డార్క్‌టేబుల్ వాడుతున్నాను, డబ్బు పెట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్. అలవాటు కావడానికి నెల పట్టింది, మధ్యలో రెండుసార్లు ఏడిచాను. పాతదే కంప్యూటర్, ఇప్పుడు మునుపటికన్నా చురుగ్గా ఉంది.

ప్రతి వస్తువుకీ మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి బయట. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. నా మూడో కాపీ తెనాలిలో అమ్మ బీరువాలో, చీరల మడతల మధ్య ఉంటుంది. మొన్న సంక్రాంతికి అమ్మ ఇక్కడికి వస్తూ ఆ డిస్క్‌ని రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో తెచ్చింది. కొత్తవి కాపీ చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూచుంది. తెర మీద పాత ఫోటోలు కదులుతుంటే ఆ సగం ఫోటో వచ్చింది.

"మిగతా సగం ఏదే?"

అంతా చెప్పాను, షాపు సంగతితో సహా. ఇన్నేళ్లూ ఆవిడకి చెప్పలేదు.

"ఆ సగంలో ఏముందో నాకు తెలుసులే" అంది అమ్మ. "ఎడంచేతి చూపుడువేలికి కత్తిపీట కోసిన మచ్చ. అందుకే దారం బొటనవేలితో నొక్కి కట్టేది. చూడు, తల ఎడమకే వంచింది."

ఫోటో కింద వివరాలు రాసే గడిలో ఆ మాటలన్నీ అమ్మ చెప్పినట్టే టైపు చేశాను. కాపీకి ఇంకా పదకొండు నిమిషాలు పడుతుందని చూపిస్తోంది. ఈలోగా అమ్మ లేచి టీ పెట్టబోతే, కూచోమని నేనే వెళ్లాను.