డబ్బాకు కిటికీ

మనం రోజూ సీపీయూ అని పిలిచే ఇనుప డబ్బా నిజానికి సీపీయూ కాదు. అసలు సీపీయూ ఆ డబ్బా లోపల, ఒక ఫ్యాను కింద దాగి ఉండే పలుచని బిళ్ళ. దాని ఒక్కో పక్క సుమారు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. డిగ్రీ రెండో సంవత్సరం దాకా నాకూ ఈ సంగతి తెలియదు. అప్పటి దాకా ఆ డబ్బా మూత తీసి చూపించినవాళ్ళు లేరు.

నేను చదివిన బడిలో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. వాటి మీద పూల గుడ్డలు కప్పి, గదికి తాళం వేసి ఉంచేవారు. తనిఖీకి పెద్దవాళ్ళు వచ్చిన రోజున గుడ్డలు తీసేవారు. మేం కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్ళం. “చూడండి, ముట్టుకోకండి” అనేవారు. ముట్టుకోకు అన్న మాట మన తాతల కాలం నుంచీ మన ఇళ్ళలో అందరూ ఎరిగిందే. దాన్ని నేనిక్కడ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ మాట కంప్యూటరు గది దాకా కూడా వచ్చిందని మాత్రం చెబుతున్నాను.

ఇప్పుడు నేను ఎం.ఎస్సి. ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాయన ఒంగోలులో గ్రిల్స్ షాపులో వెల్డింగు పని చేస్తాడు. ఈ వ్యాసంలో నాకంటే ఆయన పనే ఎక్కువ.

మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే మద్దతును 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఆ తర్వాత ఒక ఆఫీసువాళ్ళు తమ పాత కంప్యూటర్లు మార్చేస్తూ, ఒకటి మన హాస్టలుకు ఇచ్చారు. మేం అందులో ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకున్నాం. అది బాగానే నడుస్తోంది. కానీ ఇంటరు తమ్ముళ్ళు దాని దగ్గరికి రావడానికే జంకేవారు. మౌసును కూడా రెండు వేళ్ళతో పట్టుకునేవారు. పాడైతే ఎవరు కడతారన్న భయం. ఆ భయం నాకు కొత్త కాదు. అందుకే, విండోస్ ఎటూ పోయింది కనుక డబ్బాకే ఒక విండో పెడదామని నవ్వుతూ అన్నాను. ఆ నవ్వులాటే పని అయింది.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. 1998లో యాపిల్ కంపెనీ లోపలి భాగాలు మసగ్గా కనిపించే రంగు ప్లాస్టిక్ ఒంటితో ఐమ్యాక్ కంప్యూటరు తెచ్చింది. ఆ రోజుల్లోనే అమెరికా, ఐరోపా దేశాల్లో కుర్రాళ్ళు తమ డబ్బాల పక్క రేకులు కోసి సొంతంగా కిటికీలు పెట్టుకునేవారు. ఇప్పుడు పక్కన అద్దం ఉన్న క్యాబినెట్లు షాపుల్లోనే దొరుకుతున్నాయి. వాటి ధర మనది కాదు. పేర్ల బోర్డులు చేసే షాపాయన మిగిలిపోయిన 3 మిల్లీమీటర్ల మందం యాక్రిలిక్ ముక్క ఊరికే ఇచ్చాడు. మూత తీసి పెట్టేస్తే పోదా అని ఒక తమ్ముడు అడిగాడు. తీసి పెడితే దుమ్ము చేరుతుంది. ఫ్యాన్లు లాగే గాలి కూడా వెళ్ళవలసిన దారిన వెళ్ళదు. కనుక మూత ఉండాలి, లోపల కనిపించాలి.

డబ్బాను ముందు నుంచి చూస్తే ఎడమ పక్క రేకే తెరిచేది. దాన్ని విప్పి గ్రిల్స్ షాపుకు తీసుకెళ్ళాను. కోత ఎప్పుడూ కంప్యూటరుకు దూరంగానే చెయ్యాలి. ఒక్క ఇనుప రజను మదర్‌బోర్డు మీద పడినా షార్టు కావచ్చు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, రంపం పెడితే దడదడలాడుతుంది. అందుకని దాన్ని చెక్క మీద బిగించి, రంగు గీసుకుపోకుండా మాస్కింగ్ టేపు అంటించి, ఆ టేపు మీద మూలమట్టం పెట్టి గీతలు గీశాం.

నేను గీత వెంట రంపం పెట్టబోతుంటే మా నాయన ఆపాడు. “మూల దగ్గర రంపం తిప్పమాక అబ్బయా. ముందు నాలుగు మూలలా బెజ్జాలెయ్యి. బెజ్జం లేని మూల చీలిపోద్ది” అన్నాడు.

నేను చేయి ఆపి ఆయన వంక చూశాను. పదునైన మూల దగ్గర ఒత్తిడి పోగుపడుతుందని, గుండ్రంగా ఉంటే అది చెదిరిపోతుందని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. 1954లో బ్రిటన్‌కు చెందిన కామెట్ జెట్ విమానాలు రెండు, ఒకటి జనవరిలో, ఒకటి ఏప్రిల్‌లో, గాలిలోనే ముక్కలయ్యాయి. ఒంటి రేకులో తెరిచిన కంతల మూలల దగ్గర ఒత్తిడి పోగై, లోహం అలసి పగిలిందని విచారణలో తేలింది. అయిదో తరగతితో బడి మానిన మా నాయనకు ఆ విమానాల సంగతి తెలియదు. మూల సంగతి తెలుసు. ఆ రోజు నాకు ఆయన చదువు కనిపించింది.

సన్న పళ్ళ రంపంతో నిదానంగా కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, చేయి తెగకుండా చుట్టూ రబ్బరు బీడింగు వేశాం. బీడింగుకు 60 రూపాయలయింది. యాక్రిలిక్‌కు బెజ్జాలు వేసేటప్పుడు దాని మీది పలుచని కవరు తియ్యలేదు. డ్రిల్లింగ్ మిషన్ నెమ్మదిగా తిప్పాం, వేగం పెంచితే అది కరిగి అంటుకుంటుంది. యాక్రిలిక్ వేడికి ఇనుము కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ సాగుతుంది. ఒంగోలు ఎండలు మనకు తెలిసినవే కదా! అందుకే బోల్టు కంటే బెజ్జం కొంచెం పెద్దది పెట్టి, మరీ గట్టిగా బిగించలేదు. తుడవడానికి మెత్తని తడిగుడ్డ చాలు. స్పిరిటు తగిలితే సన్నని పగుళ్ళు వస్తాయి, దయచేసి ఎవరూ వాడవద్దు.

మూత బిగించి స్విచ్ వేసినప్పుడు పదిహేను తలలు ఒక్కసారిగా వంగాయి. ఫ్యాను తిరుగుతోంది. “సీపీయూ ఏదన్నా?” అని మొదటి ప్రశ్న. ఫ్యాను కింద ఉందన్నాను. “మరి ఇంతకాలం డబ్బానెందుకన్నా సీపీయూ అన్నాం?” అని రెండో ప్రశ్న. ఆ సాయంత్రం ఎవరూ టీవీ గదికి పోలేదు. మా నాయన కూడా వచ్చాడు. చాలాసేపు చూసి, “ఇందులో పని చేసేది కనపడదు, దానికి గాలి ఇసిరేదే కనపడుద్ది” అన్నాడు. అందరం నవ్వాం.

మిత్రులారా, కిటికీ చూపిస్తుంది, అంతవరకే. చూడటంతో ఆగిపోతే మా బడి కిటికీకీ దీనికీ తేడా లేదు. అందుకని ఆ రేకుకు చేత్తో తిప్పి విప్పే స్క్రూలు పెట్టాం. ఆదివారం పూట ప్లగ్గు తీసేసి, మూత విప్పుతున్నాం. ముందు ఇనుప ఒంటిని తాకి మన ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకోవాలి. ఆ తర్వాత ర్యామ్ తీసి మళ్ళీ పెట్టవచ్చు. కరెంటు వచ్చే పవర్ సప్లై డబ్బాను మాత్రం తెరవకూడదు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ముట్టుకోకూడనిది అదొక్కటే, దానికి కారణం కూడా చెప్పాను.

మౌసును రెండు వేళ్ళతో పట్టుకున్న తమ్ముడే పోయిన నెల ర్యామ్ తన చేత్తో పెట్టాడు. రెండు పక్కలా కొక్కేలు టక్కుమని పడ్డాయి. కంప్యూటరు ఆన్ అయింది. వాడు ఏమీ అనలేదు. ఇంకోసారి విప్పి పెట్టనా అన్నా అని మాత్రం అడిగాడు.

వచ్చే ఏడాది నేను ఇక్కడ ఉండను. స్క్రూడ్రైవరు వార్డెన్ సారు గదిలో బీరువా రెండో అరలో ఉంటుంది. అడిగి తీసుకోండి.