దారిన పోయేవాళ్ల కోసం కట్టిన మసీదు

విజయవాడ బస్సెక్కితే ఎల్బీ నగర్ దాటాక వచ్చే పేరు హయత్‌నగర్. మనలో చాలామందికి అదొక స్టాప్, ఒక ట్రాఫిక్ జామ్, అంతే. కానీ ఆ పేరు ఒక రాణిది. హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. 1626లో అబ్దుల్లా గద్దెనెక్కేనాటికి ఇంకా చిన్నపిల్లాడు. రాజ్యం నడిపించింది ఈ అమ్మే. ఆమె పేరు మీదే అక్కడ మసీదు ఉంది.

మేముండేది అన్నోజిగూడలో. ఔటర్ సర్వీస్ రోడ్డు పట్టుకుంటే అక్కడికి బైక్ మీద పెద్ద దూరం కాదు. మా టీమ్‌లో ఒకడిది హయత్‌నగరే. ఓ ఆదివారం వాళ్ల నాన్నే దగ్గరుండి చూపించారు.

ఎత్తైన అరుగు మీద ముందువైపు ఐదు కమానులు, రెండు పక్కలా మినార్లు. మక్కా మసీదులా చూడగానే తల పైకెత్తించే సైజు కాదు. కుతుబ్ షాహీల పద్ధతిలో రాయి, డంగు సున్నంతో కట్టిందే. ఈ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, లోపలి తేమను బయటికి వదులుతుంది. అందుకే ఇలాంటి పాత గోడలకి సిమెంట్ పూస్తే మంచి కన్నా చెడే ఎక్కువ. తేమ లోపలే చిక్కుకుని గోడ పాడవుతుంది.

నన్ను ఆపేసింది మాత్రం మసీదు చుట్టూ ఉన్న గదులు. అది సరాయి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే బాట ఇటే. వ్యాపారులు, బండ్లవాళ్లు రాత్రికి ఆగేవాళ్లు. పక్కనే పెద్ద బావి, పేరు హాథీ బావ్లీ.

“నమాజుకొచ్చేటోళ్లకే కాదు బేటా, దారిన పోయేటోళ్లకి కూడా కట్టిండ్రు” అన్నారాయన.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో జిమ్ ఉంది, క్లబ్‌హౌస్ ఉంది. గేటు బయట డెలివరీ అబ్బాయిలు మే నెల ఎండలో నిలబడే ఉంటారు. కూర్చోడానికి ఏమీ లేదు. కొన్ని వందల ఏళ్ల కింద ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం గదులు, నీళ్లు ఆలోచించారు. మనం కట్టేవాటిలో బయటివాళ్లకి ఒక్క అడుగు జాగా కూడా ఉండదు.

పాత కట్టడాలు కాపాడాలంటే ఫొటోకి బాగుంటాయని కాదు. ఆ గదులు కూలిపోతే మసీదు మిగులుతుంది కానీ, అది ఎవరెవరి కోసం కట్టారో చెప్పే సాక్ష్యం పోతుంది.

మొన్న అసోసియేషన్ మీటింగ్‌లో గేటు పక్కన నీడ, బెంచీ, మంచినీళ్లు పెడదామన్నాను. “మెయింటెనెన్స్ ఎవరు చూస్తారు? గుంపు చేరతారు” అన్నారు కొందరు. గంట వాదన. చివరికి బెంచీకి ఒప్పుకున్నారు. వచ్చేసింది కూడా. నీళ్ల సంగతి వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతా.