దినచర్యలో ఒక గంట

ఉద్యోగం, కుటుంబం, పరిశోధన: ఈ మూడింటికీ నాకున్నది ఒకే దినం. అందుచేత ఫజర్ నమాజు తరువాతి గంటను పరిశోధనకై కేటాయించుకొన్నాను. అప్పుడు ఫోను పక్కగదిలో ఉంటుంది. పిల్లలు మేల్కొన్న పిమ్మట ఆ సమయం నాది కాదు, వారిది.

ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర, విద్యార్థిదశలో, టమాటా ఆకారపు వంటింటి గడియారాన్ని ఎదుట నుంచుకొని చదివేవాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అన్నది అతని పద్ధతి. నా గంటలో అట్టివి రెండు ఇముడుతాయి.

ఉదయం దుకాణంలో పనిచేసి తరగతికి వచ్చే విద్యార్థులు మనలో ఉన్నారు. వారికి గంట దొరకకపోవచ్చు. 25 నిమిషాలు దొరకవచ్చు.

విద్యార్థులారా! రేపటి మొదటి పనిని ఈ రాత్రియే కాగితంపై వ్రాసి పెట్టుకొనండి. ఏమి చదవాలన్న ఆలోచనతోనే ఆ స్వల్పకాలం గడచిపోరాదు.