గట్టు దిగిన రోజు

చిన్నప్పుడు తమ్ముడు కాలువలో ఈత నేర్చుకుంటుంటే, వాడి బట్టలు పట్టుకుని గట్టుమీద కూర్చునేదాన్ని. "ఆడపిల్లకి ఈతెందుకే?" అనేది అమ్మ. నేను ఆ గట్టు దిగింది 58 ఏళ్ళకి, గాలపాగోస్‌లో.

ఈక్వడార్ తీరానికి దాదాపు 1,000 కిలోమీటర్ల దూరంలోని అగ్నిపర్వతపు దీవులివి. 1835లో డార్విన్ తిరిగింది ఇక్కడే. పొద్దున మా ఓడ 2024లో కూడా లావా కక్కిన ఫెర్నాండినా దీవి దగ్గర ఆగింది. నల్లరాళ్ళ మీద గుట్టలుగా పడుకున్న ఇగువానాలు ముక్కుల్లోంచి ఉప్పునీళ్ళు చిమ్ముతున్నాయి. పక్కనే ఎగరలేని నీటికాకులు. తిండి బాగా దొరికే కాలంలో ఆడపక్షి పిల్లల్ని మగపక్షికి వదిలి ఇంకో జత వెతుక్కుంటుందట. గైడ్ ఆ మాట చెప్పగానే "అయ్యో, అదేం తల్లి!" అన్నారెవరో. తండ్రి పెంచుతున్నాడుగా, అయ్యో ఎందుకు?

మధ్యాహ్నం స్నోర్కెలింగ్. "ఈ వయసులో నీకెందుకు? పడవలో కూర్చుని నా కెమెరా పట్టుకో" అన్నాడు మా ఆయన. మళ్ళీ బట్టలు కాసే పనే! కెమెరా ఆయన చేతికే ఇచ్చి, లైఫ్ జాకెట్ బిగించుకుని, గైడ్ చెయ్యి పట్టుకుని దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గొట్టంలో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. కింద ఒక ఇగువానా రాతికి పట్టిన నాచు మేస్తోంది. తాబేలొకటి నన్ను పట్టించుకోకుండా ఈదుకుంటూ పోయింది.

ఇంటికొచ్చాక అమ్మకి చెప్పాను. 82 ఏళ్ళ అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "నీళ్ళ లోపల ఎలా ఉంటుందే?"