దారముతో కొలిచిన దూరము

మొవ్వ మా స్వగ్రామము. తెలుగు పండితుడనై, పిదప ప్రధానోపాధ్యాయుడనై, అనేక సంవత్సరములు పిల్లల తప్పులు దిద్దితిని. విశ్రాంతి పొందిన పిమ్మట నా తప్పును ఒక బాలిక దిద్దినది. ఆ ముచ్చట చెప్పెదను.

2021 జనవరిలో ఎయిరిండియా సంస్థ చికాగో, హైదరాబాదు నగరముల నడుమ ఎచ్చటను ఆగని విమానమును ప్రారంభించెను. చికాగోలో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయి దానిలో వచ్చుచున్నానని తెలిపెను. భోగినాడు, బుధవారము, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున బయలుదేరునట! ఎనుబదియెనిమిదేండ్ల మా అమ్మ అప్పటికి రెండు నెలలుగా మంచము పట్టియున్నది.

"ఎంత దూరంరా? ఎప్పటికి వస్తాడు?" అని ఆమె మాటిమాటికి అడుగుచుండెను.

నేను గోళమును బల్లపై ఉంచితిని. దాని చుట్టుకొలత నూరు సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గనుక ఒక సెంటీమీటరు 400 కిలోమీటర్లకు సమానము. రెండు నగరముల నడుమ దారము బిగించి పట్టితిని. గోడపటముపై తూర్పు పడమరలుగా తోచు త్రోవ, గోళముపై ఉత్తరధ్రువ సమీపమునకు ఎగబ్రాకెను! గుండ్రని భూమిపై అదియే దగ్గరి దారి. దారము ముప్పదిమూడు సెంటీమీటర్లకు కొంచెము మించెను. అనగా సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వంతున, ఎక్కుట దిగుటల ఆలస్యముతో కలిపి, పదునారు గంటల ప్రయాణమని నిశ్చయించితిని.

"సంక్రాంతి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు హైదరాబాదులో దిగుతాడమ్మా. రాత్రికి మన ఇంట్లో ఉంటాడు" అని ధైర్యముగా చెప్పితిని.

పండుగనాడు అమ్మ తన మంచము వసారాలో వేయించుకొనెను. మధ్యాహ్నము గడచెను. ఫోనుకు బదులు లేదు. దీపములు పెట్టిరి. అమ్మ అన్నము ముట్టలేదు. "విమానానికేమీ కాలేదు కదరా?" అనునప్పుడు ఆమె గొంతు వణకెను. నాకును గుండె దడదడలాడెను.

అంతలో అరిసెలు తెచ్చిన పొరుగింటి బాలిక సంగతి విని, గోళమును చూచి, మెల్లగా ఇట్లడిగెను: "మాస్టారూ! చికాగో గడియారమూ మన గడియారమూ ఒకటేనాండీ?"

నాకు నోట మాట రాలేదు. చలికాలమున చికాగో గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నుండును. అచ్చట బుధవారము రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు ఇచ్చట గురువారము ఉదయము తొమ్మిది! అటుపై పదునారు గంటలనగా శుక్రవారము వేకువకు ముందు ఒంటిగంట. విమానమెక్కుచున్నానని మావాడు పంపిన కబురు ఆ ఉదయముననే వచ్చియున్నను, పండుగ సందడిలో నేను ఆలోచింపనైతిని.

"తప్పు నాదమ్మా. వాడు క్షేమంగా ఆకాశంలో ఉన్నాడు" అంటిని. అమ్మ రెండు ముద్దలు తిని నిద్రించెను.

నడిరేయి దాటిన పిమ్మట విమానము హైదరాబాదున దిగెను. విజయవాడ మీదుగా కారులో వచ్చి, కనుమనాడు అబ్బాయి గుమ్మమున నిలిచెను. అమ్మ వాని ముఖము తడిమి, "భోగికి బయలుదేరి కనుమకు వచ్చావు. నడుమ సంక్రాంతి ఏమైందిరా?" అనెను.

"కొంత ఆకాశంలో, కొంత గడియారంలో పోయింది నాయనమ్మా!" అని వాడు నవ్వెను.

బాలలారా! దూరమును దారము చెప్పును. వేళను మాత్రము రెండు ఊళ్ల గడియారములు చూచి చెప్పవలెను. మన మాటను నమ్మి ఎదురుచూచువారు ఉన్నప్పుడు లెక్కను ఒకసారికి రెండుసార్లు సరిచూచుకొనుట మన విధి.